పడమటి తలుపు

మా చెల్లెలి భర్త మిరపకాయలకు కోల్డ్ స్టోరేజీ కట్టాలనుకున్నప్పుడు నన్ను పిలిచింది కట్టడం గురించి సలహా అడగడానికి కాదు. వాళ్ల పెద్దవాళ్లు సిద్ధాంతిని పిలిచారు కాబట్టి నన్ను పిలిచాడు. ఆయనను కాదనే ధైర్యం బావకు లేదు. వాస్తుకు వ్యతిరేకంగా సభల్లో గొంతు చించుకుని, పత్రికల్లో ఏళ్ల తరబడి రాసిన మనిషి పక్కనుంటే తన పని తేలికవుతుందనుకున్నాడు. నేను కూడా పెళ్లికి వెళ్లినంత ఉత్సాహంగా వెళ్లాను.

చిలకలూరిపేట దాటాక రోడ్డు పక్కనే ఆ స్థలం. అంతకుముందు పత్తి చేను, కట్టె ఇంకా పూర్తిగా పీకలేదు. పడమటి హద్దు రోడ్డే. సిద్ధాంతి, బావ, నేను, గుంటూరు నుంచి వచ్చిన ఇంజినీరు, నలుగురం ట్రాక్టరు నీడలో నిలబడ్డాం. ఇంజినీరుకు ముప్పై ఏళ్లు కూడా ఉండవు. కారు బానెట్ మీద ప్లాను పరిచి, చేతిలో ఒక పలక ముక్క పట్టుకుని మాట్లాడుతోంది. రెండు పల్చటి రేకుల మధ్య నురుగు గడ్డకట్టినట్టుండే ఆ పలకను పఫ్ ప్యానెల్ అంటారు.

"ఇటుక గోడ కడితే మన కరెంటంతా ఆ గోడను చల్లబరచడానికే పోతుందండి. ఇదైతే వేడిని బయటే ఆపుతుంది. కాకపోతే ప్యానెల్ ఎంత మంచిదైనా తలుపు తలుపే. తీసినప్పుడల్లా బయటి గాలి లోపలికొస్తుంది. అందుకే తలుపులన్నీ ఉత్తరానికి పెట్టి, వాటి ముందు ఒక చిన్న గది వేశాను. పడమట అసలు తలుపే లేదు."

సిద్ధాంతి తల ఊపాడు. "భేష్ తల్లీ. ఈ స్థలానికి పడమటి ద్వారం కూడదు. యజమానికి అరిష్టం."

ఆ మాట కోసమే కాచుకుని ఉన్నాను.

"అరిష్టమా? ఎట్లా వస్తుందండీ అది? బస్సులోనా?" అన్నాను. "రోడ్డు పడమట ఉంది. లారీ నేరుగా తలుపు దగ్గర ఆగకుండా ఉత్తరానికి చుట్టు తిరిగి పోవాలా? ఎవరి కోసం? గ్రహాల కోసమా?"

"గ్రహాల కోసం కాదు సార్, మధ్యాహ్నం ఎండ..." అంది ఇంజినీరు.

"నువ్వుండమ్మా. నీకు డిగ్రీ ఇచ్చింది కాలేజీయా, సిద్ధాంతిగారా?"

బావ పకపకా నవ్వాడు. ట్రాక్టరు డ్రైవరు నవ్వాడు. చివరికి సిద్ధాంతి కూడా నవ్వాడు. ఆమె నవ్వలేదు.

"ఎండకు వాస్తు తెలియదు సార్. మూడింటప్పుడు ఏ పడమటి గోడ మీదైనా చెయ్యి పెట్టి చూడండి," అని ప్లాను చుట్టేసింది.

నాకు అది సిద్ధాంతికి వంత పాడినట్టే వినిపించింది. మూఢనమ్మకం ఇప్పుడు సైన్సు ముసుగు వేసుకుని వస్తోందని ఎన్నిసార్లు రాశానో. ముసుగులు చింపడానికి అలవాటు పడ్డ చేతికి ముఖం దొరికినా ముసుగులాగే ఉంటుంది.

"బావగారు చెప్పాక తిరుగేముంది? పడమటే పెట్టండి," అన్నాడు బావ. తలుపు పడమటికి వచ్చింది. రోడ్డు దగ్గర కావడంతో ముందుగదికి చోటు లేకపోయింది, దానికి బదులు ప్లాస్టిక్ పట్టీలు వేలాడదీశారు. ఆ తలుపు మీద నేనొక వ్యాసం రాశాను. మిత్రులు ఫోన్లు చేసి అభినందించారు. సిగ్గు లేకుండా అభినందనలన్నీ తీసుకున్నాను.

మిరప సీజన్ వచ్చింది. రైతులు పొద్దున కల్లాల్లో కాయను గోనె సంచుల్లోకి తొక్కి, ఆ టిక్కీలను బండికెత్తుకుని, తిండి తిని బయలుదేరేసరికి మధ్యాహ్నమవుతుంది. అంటే సరిగ్గా ఎండ పడమటి గోడ మీదికి వాలేవేళకు ట్రాక్టర్లు వరస కడతాయి, తలుపు తీసింది తీసినట్టే ఉంటుంది. మా ప్రాంతంలో పడమటి గాలి ఎట్లా ఉంటుందో చిన్నపిల్లాడికి కూడా తెలుసు. అది నాకూ తెలుసు. కంప్రెసర్లు ఊపిరి తీసుకోకుండా తిరిగాయి. వానలు మొదలయ్యాక ఆ తలుపులోంచే చెమ్మ దూరింది.

శ్రావణంలో బావ కబురు పెడితే వెళ్లాను. తలుపు పక్క వరసలో టిక్కీలు పెట్టుకున్న ఒక కౌలు రైతు నా ముందే మూట విప్పింది. ఆమెది పక్క ఊరు, మగదిక్కు లేదు, కౌలు చేను ఒక్కటే ఆధారం. మోచేతి దాకా చెయ్యి లోపలికి పెట్టి గుప్పెడు కాయ తీసింది. రంగు పోయి, మెత్తబడి, తొడిమల దగ్గర తెల్లగా బూజు.

"మిర్చి యార్డులో దీన్ని తాలు కింద కట్టేస్తారు, సగం ధర కూడా రాదు," అని నా వైపు తిరిగింది. "మీరేగా సార్ పుస్తకాలు రాసేది? తలుపు దగ్గర పెట్టిన కాయ తడిసిద్దని ఏ పుస్తకంలోనూ లేదా?"

బావ నన్ను పక్కకు లాగాడు. "సిద్ధాంతి మాట విననందుకేనని ఇంట్లో ఒకటే గోల. తలుపు మూసేద్దామా బావగారూ?"

ఆ క్షణంలో నా కళ్ల ముందు ఆమె కాయ లేదు. తలుపు మూస్తే సిద్ధాంతి ముఖంలో కనిపించబోయే నవ్వు ఉంది. "ఒక్క ఏడాదికే తేల్చకు. వచ్చే వేసవి కూడా చూద్దాం," అన్నాను.

గొంతు తగ్గించడం నాకు అలవాటు లేదు. ఆమెకు వినబడింది.

"చూడండి సార్. చూట్టానికి మళ్లీ నా కాయే పెట్టమంటారా?"

బయటికి వచ్చేశాను. వాన వెలిసి మధ్యాహ్నపు ఎండ కాస్తోంది. పడమటి గోడ మీద చెయ్యి పెట్టాను, వెంటనే తీసేశాను. అక్కడి నుంచే ఇంజినీరుకు ఫోన్ చేశాను.

ఆమె వచ్చింది. దెప్పుతుందని ఎదురుచూశాను, దెప్పలేదు. కొలతలన్నీ రాసుకున్నాక అంది: "దిక్కంటే సూర్యుడు కనిపించే వైపు, అంతకు మించి ఏమీ లేదని మీరే రాశారు కదండీ. స్కూల్లో ఉండగా మా నాన్న ఆ వ్యాసం నాతో బిగ్గరగా చదివించాడు. ఆ రోజు నేను చెప్పబోయింది అదే. ఇంటికెళ్లాక మిమ్మల్ని కలిశానని నాన్నకు చెప్పలేదు."

ఎన్నో చర్చల్లో ఎందరో నన్ను తిట్టారు. ఏ తిట్టుకూ నా తల అంతగా దిగలేదు.

పడమటి తలుపు తీసేసి అక్కడ ప్యానెళ్లు బిగించారు. ఉత్తరాన ముందుగదితో కొత్త తలుపు పెట్టారు. ఆ రోజు పెద్దవాళ్లు సిద్ధాంతి చేత గుమ్మడికాయ కొట్టించారు. అది పగిలాక నేను అందరి ముందూ నిలబడి చెప్పాను. కాయ చెడింది అరిష్టం వల్ల కాదు, ఎండవల్ల, గాలివల్ల అని. ఆ సంగతి ఈ అమ్మాయి మొదటిరోజే చెప్పబోతే నోరు మూయించింది నేనే అని.

"ఎట్లా అయితేనేం, ఒప్పుకున్నావు గదయ్యా," అన్నాడు బావ వాళ్ల పెదనాన్న. సిద్ధాంతి నా భుజం తట్టాడు. "సూర్యుడు కూడా దేవుడేగా మాస్టారూ!"

అందరూ నవ్వారు. ఆయనకు చెప్పాల్సిన జవాబు నాలుక చివరే ఉంది. కానీ ఇంజినీరు పక్కనే ఉంది. ఇంకో నవ్వు కోసం ఇంకో చర్చ గెలవాలనిపించలేదు.

కౌలు రైతు కొత్త తలుపు లోపలికీ బయటికీ రెండుసార్లు తిరిగింది. పాడైన కాయ విషయంలో బావ ఆమెతో ఏదో సర్దుబాటు చేసుకున్నాడని విన్నాను. అయినా ఆమె ముఖంలో నమ్మకం లేదు.

"ఈసారి తలుపు పక్క వరసలో పెట్టినా నా కాయకు ఏం కాదా?" అని అడిగింది.

"ఏం కాదమ్మా, ఇప్పుడు..." అని మొదలుపెట్టాను.

"మిమ్మల్ని కాదు సార్," అంది. "ఆ అమ్మాయిని."