పట్టుచీర కట్టి వాయిదాకు పోయిన అక్క

మా పక్కింటి అక్క పోయింది. పొద్దున నా జిరాక్స్ దుకాణం షటర్ ఎత్తుతుంటే ఆమె బిడ్డ దవాఖాన నుంచి ఫోన్ చేసి, "చిన్నమ్మా, అమ్మ ఇగ లేదు" అంది. కిడ్నీలు పాడై చాన్నాళ్లుగా మంచం మీదే ఉంది కాబట్టి తెలిసిన కబురే. అయినా తాళంచెవి చేతిలో పట్టుకొని అక్కడే మెట్టు మీద కూలబడ్డాను.

సాయంత్రానికి ఇబ్రహీంపట్నంలో మా గల్లీ పట్టనంత జనం వచ్చారు. ఆమె ఇంజనీరింగ్ కాలేజీ హాస్టల్లో వంట చేసేది. ఆమె చేతి పప్పు తిన్న పిల్లలు, ఎప్పుడో చదివి వెళ్లిపోయినవాళ్లు కూడా, దండలు పట్టుకొని వరుసగా వచ్చారు. ఆ జనాన్ని చూసి, ఏడుస్తూనే, నాకు కుళ్లు పుట్టింది. రేపు నేను పోతే ఇందులో సగం మందైనా వస్తారా అనిపించింది. మీరు నవ్వుకున్నా సరే, ఉన్నమాట రాస్తున్నాను. ఆమె లేకపోతే నా బిడ్డకు చదువు లేదు. ఆ రుణం తీరేది కాదు. అయినా ఆమెను చూసి కుళ్లుకోని రోజు నాకు గుర్తులేదు.

మా ఇద్దరినీ మొగుళ్లు వదిలేశారు, ముందు ఆమెను, తర్వాత నన్ను. ఇద్దరికీ ఒక్కొక్క ఆడపిల్ల. పోలిక అక్కడితో సరి. ఆమె మొగుడికి సర్కారీ నౌకరీ ఉంది. నా మొగుడికి తెల్లచొక్కా ఉంది, మోటర్ సైకిల్ ఉంది, సాగర్ రోడ్డు పొడుగునా ప్లాట్లు అమ్మిపెట్టే నోరు ఉంది. అక్క మనోవర్తి కేసు వేసి గెలిచింది. బిడ్డ పోషణకు ఇంత అని ఆయన జీతంలోంచే కోసి పంపమని కోర్టు ఆఫీసుకు రాసింది. ఇంక ఆయన ఇస్తాడా ఇవ్వడా అన్న మాటే లేదు. నెల తిరగ్గానే ఆమె ఫోన్ టింగుమనేది. గోడ అవతల ఆ చప్పుడు వినపడితే గోడ ఇవతల నాకు ముద్ద దిగేది కాదు.

నాకు మాత్రం పెద్దమనుషులు దొరికారు. మా దగ్గర మొగుడు పెళ్లాల గొడవ ముందు కులం పెద్దల దగ్గరికే పోతుంది. "నెలనెలా ఎవరు తిరుగుతరమ్మా, ఒక్కసారే తెంపుకో" అన్నారు. బిడ్డ పేరు మీద ఒక ప్లాటు రాసిస్తాడు, ఇక మీదట తల్లి గానీ బిడ్డ గానీ ఏమీ అడగరాదు అని కాగితం రాశారు. మా అన్న సంతకం పెట్టమంటే పెట్టాను. ప్లాట్ల రేట్లు మండిపోతున్న రోజులు. పిల్లకు అన్నం, బట్ట, బడి బదులు ప్లాటు ఇప్పించడం గొప్ప తెలివని అందరికీ అనిపించింది. ఇంత తెలివి మా దిక్కే ఉంటుంది.

వానలు గట్టిగా పడి పెద్ద చెరువు నిండిన యేడు, ప్లాటు చూద్దామని అక్కను వెంటబెట్టుకొని పోయాను. హద్దురాళ్లు నీళ్లలో ఉన్నాయి. అది శిఖం భూమి, చెరువు నీళ్లు నిలిచే జాగా. కట్టనివ్వరు, కొనేవాడూ ఉండడు. నేను గట్టు మీద నిలబడి ఏడుస్తుంటే అక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకొని నవ్వింది.

"బిడ్డను చాపలు పట్టుకొని బతుకుమన్నడానే మీ ఆయన?"

ఒళ్లు మండి, "నీకేందక్కా, నీకు నెలనెలా వస్తయ్, నవ్వుతవ్" అన్నాను.

"అవ్, నవ్వుత. కాగితం మీద సంతకం ఎవలు పెట్టిర్రు? నువ్వు. బిడ్డ పెట్టిందా? బిడ్డ తిండి నువ్వెట్ల రాసిస్తవే? అది నీ సొమ్మా?"

మర్నాడే నన్ను వకీలు దగ్గరికి లాక్కుపోయింది. వకీలు కూడా అదే మాట చెప్పాడు. తల్లి ఏం రాసిచ్చినా పిల్లను పోషించే బాధ్యత తండ్రికి పోదు, కేసు వేయొచ్చు అని. వేశాం. పంచాయితీ మాట దాటినందుకు మా అన్న నాతో మాట్లాడటం మానేశాడు, ఇప్పటికీ మాట్లాడడు.

మొదటి వాయిదాకు వెలిసిపోయిన చీర కట్టుకొని, చెవుల కమ్మలు తీసి పెట్టి పోయాను. జడ్జికి జాలి పుట్టాలంటే అట్లా పోవాలని అందరూ చెప్పారు. అదే రోజు అక్కకూ వాయిదా ఉంది. బిడ్డ పెద్ద క్లాసుకు వచ్చిందని, మనోవర్తి పెంచమని మళ్లీ కేసు వేసింది. ఆమె మాత్రం మిరపపండు రంగు పట్టుచీర కట్టి, తల్లో పూలు పెట్టుకొని లగ్గానికి వచ్చినట్టు దిగింది. ఎదుటి వకీలు వదులుతాడా! "ఇంత పట్టుచీర కట్టే మనిషికి మనోవర్తి దేనికమ్మా?" అన్నాడు.

"చీర నా కష్టంది సార్, నేనే కొనుక్కున్న. బిడ్డ నా ఒక్కదాని కష్టం కాదు గద. నేను పాతచీర కడితే ఆయన బిడ్డ అయితది, కొత్తచీర కడితే కాకుంట పోతదా?"

జడ్జి మేడం తల వంచి ఏదో రాసుకుంటున్నట్టు చేసింది కానీ నవ్వుతోందని అందరికీ తెలిసింది. నేను వెలిసిన చీరలో వెనక బల్ల మీద కూర్చొని, భూమి చీలితే బాగుండు అనుకున్నాను. ఆ మాట నాకెందుకు రాదు, ఆ చీర నాకెందుకు లేదు అని ఇంటికొచ్చేదాకా కుమిలాను. ఆమె బస్సులో నాకు మొక్కజొన్న కంకి కొనిచ్చింది. అదీ కుళ్లుకుంటూనే తిన్నాను.

నాకూ ఆర్డర్ వచ్చింది. రావడం వేరు, రాబట్టడం వేరు. జీతం లేని మనిషి జీతంలోంచి ఏం కోస్తారు? ఆయన వచ్చి "ఆమ్దానీ లేదు మేడం" అని చేతులు కట్టుకునేవాడు. అక్క ఊరుకోలేదు. కూడలిలో కొత్త వెంచర్ ఫ్లెక్సీ కట్టారు. అందులో మా ఆయన, మెడలో గొలుసుతో, అందరికీ దండం పెడుతూ ఉన్నాడు. అక్క హాస్టల్ నుంచి వచ్చే దారిలో దాన్ని ఫోటో తీసి వకీలుకు పంపింది. "ఆమ్దానీ లేనోని మొఖం గింత పెద్దగ అచ్చేస్తరా?" అని. ఆ ఫోటో చూశాక మేడం ఆయన మాట వినలేదు. ఆయన కట్టనప్పుడల్లా అక్క నా వెంటపడి పిటిషన్ వేయించేది. ఏడాది దాటిపోతే పాత నెలలకు వారంటు దొరకదని ఆమె భయం. జైలుకు పోయొస్తే బాకీ మాఫీ అవుతుందని ఆయనకెవరో చెప్పారట. మేడం కోర్టులోనే ఆ భ్రమ తీర్చింది. జైలు జైలే, బాకీ బాకీయే అని. అప్పటి నుంచి వాయిదా వాయిదాకు వచ్చి, నా వెంట ఉన్న బిడ్డను ఓసారి చూసి, కొంత కొంత నా చేతిలో పెట్టి పోయేవాడు.

ఇవన్నీ చేసింది కాబట్టి ఆమె మీద కుళ్లు పోయిందనుకుంటారేమో. ఎక్కువైంది. నా బిడ్డకు మార్కులు వస్తే ముందు పెద్దమ్మకే చెప్పేది. స్నేహితురాలితో గొడవైతే పెద్దమ్మ దగ్గరే ఏడ్చేది. కన్నది నేను, గోడ అవతల కూర్చొని వినేది ఆమె. ఒకసారి తలుపు దబాలున వేశాను కూడా. "జర మెల్లగ ఎయ్యి, గోడ కూలితే ఒక్క ఇల్లయితం" అని అటు నుంచి కేకేసింది.

ఆఖరి నెలలో దవాఖానలో ఆమె పక్కన కూర్చొని బత్తాయి ఒలుస్తూ, నోరు ఊరుకోక, "నీ నసీబే వేరక్కా, ఒక్కనాడు అడగకుంట పైసలు పడుతుండె" అన్నాను.

ఆమె ఇటు తిరిగింది. "కుళ్లు నీకొక్కదానికే ఉంటదనుకున్నవా? నిన్ను చూస్తే నాకు మస్తు కుళ్లు."

"నా దగ్గరేముందక్కా?"

"నా బిడ్డకు పైసలొచ్చినయ్, నాయిన రాలే. ఆఫీసోళ్లే కోసి పంపిరి, ఆయనకు యాది చేసుకునే పని గూడ లేకపాయె. నీ మొగుడు పక్కా దొంగనే గని, వాయిదా వాయిదాకు వచ్చి నిలబడతడు. నీ బిడ్డ మొఖం చూస్తడు. గంతన్న నా బిడ్డకు లేకపాయెనే."

నేను బత్తాయి తొన ఆమె నోట్లో పెట్టాను. ఆమె అంతటి మనిషి నన్ను చూసి కుళ్లుకుందని తెలిసి, సిగ్గు లేకుండా, లోపల కాస్త సంతోషపడ్డాను కూడా.

దినాలకు అక్క మొగుడు రాలేదు. దినాలు అయిన వారం లోపే నాకు వాయిదా పడింది. బిడ్డ ఇంటర్ ఫీజు కట్టకపోతే పరీక్షకు కూర్చోనివ్వం అని కాలేజీవాళ్లు అన్నారు, ఈ బాకీ వస్తేనే ఫీజు. "అమ్మ లేదు గద చిన్నమ్మా, నేనొస్త" అని అక్క బిడ్డ హాస్పిటల్ ల్యాబ్ డ్యూటీకి సెలవు పెట్టి మాతో వచ్చింది. ఈ మధ్య రెండు వాయిదాలు ఎగ్గొట్టినందుకు మా ఆయన్ను ఈసారి వారంటు మీద పోలీసులే తెచ్చారు. మధ్యాహ్నానికి ఆయన తమ్ముడు పరుగున వచ్చి బాకీ మొత్తం కట్టాడు. రసీదు చేతికొచ్చాక వరండాలో నిలబడి ఊపిరి పీల్చుకున్నాను.

ఆయన బెంచీ మీద కానిస్టేబుల్ పక్కన కూర్చొని ఉన్నాడు. తెల్లచొక్కా చెమటకు తడిసింది. "బిడ్డా, జర నీళ్లున్నయా?" అన్నాడు. నా బిడ్డ బ్యాగులోంచి సీసా తీసి, మూత తిప్పి ఇచ్చింది. ఎత్తిపోసుకొని తాగి, సీసా తిరిగిచ్చి, "మంచిగ చదువు" అన్నాడు. అది తల ఊపింది. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఇన్నేళ్లు సాకింది నేను, ఒక్క గుక్క నీళ్లకు తల ఊపేది వాడికా! చూశావా దీని సంగతి అని చెప్పబోయి అక్క బిడ్డ వైపు తిరిగాను.

ఆ పిల్ల నన్ను చూడటం లేదు. మూతి తుడుచుకుంటున్న ఆయన్ను, మూత బిగిస్తున్న నా బిడ్డ చేతులను చూస్తూ గోడకు ఆనుకొని నిలబడింది. వారంటు కొట్టేయించడానికి కానిస్టేబుల్ ఆయన్ను లేపి మేడం ముందుకు తీసుకుపోయాక కూడా ఆ ఖాళీ బెంచీనే చూస్తూ ఉండిపోయింది.