పప్పన్నం ముందు తీసిన ఫోటో

ఈ ఫోటో గురించి నేను రాసిన నాలుగు ఉత్తరాల్లో ఒక్కదానికీ ఇంతవరకు జవాబు రాలేదు. మా పాలమూరు సంఘ పెద్దలు చదివి మడిచి పెట్టేశారు. కెనడా మిషన్ పత్రికవాళ్లు కవరైనా చింపారో లేదో తెలియదు. "పాత సంగతి, వదిలెయ్" అన్నవాళ్లే ఎక్కువ. పాతదైంది నా వల్లనా? చెప్పాల్సినవాళ్లు చెప్పకపోవడం వల్ల.

తొంభైల మొదట్లో నేను మస్కట్‌లో ఒక కట్టడాల కంపెనీలో స్టోర్ కీపర్‌ని. రూమ్, సైట్ రెండూ అల్ అమెరాత్‌లోనే. మాది మూడు తరాల మెనోనైట్ క్రైస్తవ కుటుంబం. మా తాత పాలమూరు వాగులో మునిగి బాప్తిస్మం తీసుకున్నాడు. శుక్రవారాలు అజైబాలో ఒక ఫ్లాట్‌లో జరిగే తెలుగు ప్రార్థనకు వెళ్లేవాణ్ణి. అక్కడికి ఒక కెనడా ఆయన భార్యతో వచ్చేవాడు. ఆయనా మెనోనైటే, జనరేటర్ల మెకానిక్. అంతకుముందు పదిహేనేళ్లు కెనడా ఉత్తరాన, రోడ్డు కూడా లేని చోట, అక్కడి ఆదివాసుల మధ్య మిషన్ పని చేశాడట.

ఒక శుక్రవారం కర్టెన్లు మూసి, గోడకు దుప్పటి కట్టి, ఆ రోజుల స్లైడ్లు చూపించాడు. ఒకదాంట్లో ఒక ముసలాయన గడ్డకట్టిన సరస్సుకు కన్నం పెట్టి చేపల వల లాగుతున్నాడు. "మేం వెళ్లేదాకా ఈయనకు ప్రార్థన అంటే తెలియదు" అన్నాడు కెనడా ఆయన. నేను లేచి "ఆయన పేరేంటి సార్?" అని అడిగాను. గుర్తులేదన్నాడు. పదిహేనేళ్లు పక్కన బతికిన మనిషి పేరు గుర్తులేదు గానీ, ప్రార్థన తెలియదన్నది మాత్రం గుర్తుంది! నాకు అప్పుడే ఆయన మాటల మీద అనుమానం వచ్చింది. పక్కవాళ్లు చొక్కా పట్టి కూర్చోబెట్టారు. ఎవరు పట్టారో ఇప్పటికీ చెప్పగలను.

కొన్నాళ్లకు మా సైట్‌లో జనరేటర్ పాడైతే ఆయనే వచ్చాడు. మధ్యాహ్నం నేనూ నా రూమ్మేటూ నీడలో అన్నం ముందు కూర్చున్నాం. రూమ్మేట్ జగిత్యాల మేస్త్రీ, మంగళవారం హనుమంతుడికి ఒక్కపొద్దు ఉండే మనిషి. నేను అలవాటు ప్రకారం తల వంచి ప్రార్థించాను. కళ్లు తెరిచేసరికి ఎదురుగా కెమెరా. ముందు అడగలేదు, తీశాక నవ్వాడు.

కొన్ని నెలలకు ప్రార్థనలో ఎవరో కెనడా నుంచి వచ్చిన మిషన్ పత్రిక నా చేతిలో పెట్టారు. మా ఇద్దరి ఫోటో. కింద ఇంగ్లీషులో, నిన్నటిదాకా దేవుణ్ణి ఎరగని ఈ ఇద్దరు కూలీలు అరబ్బు దేశంలో వెలుగు చూశారని రాసి ఉంది. రూమ్‌కి తెచ్చి రూమ్మేట్‌కి చదివి చెప్పాను.

"నేనేడ ప్రార్థన చేసిన్నే? పప్పుల మిర్పకాయ ఏరుకుంటున్న!"

"తల వంచినవ్ గద."

"తల వంచితే కిరస్తానమైతరా? గట్లయితే సిమెంట్ బస్తాలు మోసేటోళ్లందరు మీ సంఘంల కలిసినట్టే!" అంతలోనే నవ్వు ఆపేశాడు. "అన్నా, కంపెనీల ఎవడన్న జూస్తే? ఈడ మతం మార్చిండ్రని లొల్లి అయితే, ఇద్దరికీ టికెట్ చేతుల వెడ్తరు."

అతని భయం అబద్ధం కాదు. ఒమన్‌లో మన ప్రార్థన మనం చేసుకోవచ్చు, ఇంకొకరిని కలుపుకుంటే ఊరుకోరు. ఆ తర్వాత మేనేజర్ పిలిచిన ప్రతిసారీ నాకు ఆ కాగితమే కళ్లముందు కనబడేది.

తప్పు చేసిన సహోదరుడికి ముందు ఒంటరిగా చెప్పాలి, తర్వాత సాక్షులతో వెళ్లి చెప్పాలి, అప్పటికీ వినకపోతే సంఘం ముందు పెట్టాలి. కోర్టుకు మాత్రం పోకూడదు. మిషన్ బడిలో మాకు నేర్పిన పద్ధతి ఇది. కాబట్టి ముందు ఒంటరిగా వెళ్లాను.

"నేను ఫోటో మాత్రమే పంపాను. రాసింది ఆఫీసువాళ్లు" అన్నాడు.

"మరి ఆ చేపల ముసలాయన మాట? అదీ ఆఫీసువాళ్లదేనా?"

ఆయన భార్య టీ తాగుతారా అని అడిగింది.

రెండోసారి రూమ్మేట్‌నీ ఇంకో మేస్త్రీనీ తీసుకెళ్లాను. "బ్రదర్, ఎంతోమంది మీ ఇద్దరి కోసం ప్రార్థిస్తున్నారు, సంతోషించాలి" అన్నాడు. ఆ మాట నేను తెలుగులో చెప్పాను. రూమ్మేట్ చేతులు జోడించి, "నాకోసం వద్దని జెప్పన్నా సార్‌కి" అన్నాడు. ఆ వేసవిలోనే కాంట్రాక్టు ముగిసి దంపతులు వెళ్లిపోయారు. పత్రికలో సవరణ పడలేదు.

రూమ్మేట్ నా పక్కన కూర్చుని తినడం మానేశాడు. "మనసుల ఏం లేదన్నా, భయమంతే" అంటూనే అల్ మవాలేలో వేరే రూమ్ చూసుకున్నాడు. దానికి ఎవరు జవాబుదారీ? సెలవులో ఊరెళ్లినప్పుడు, సహోదరుల మీద రాయొద్దు బిడ్డా అని పెద్దలు నాకే నోటితో చెప్పారు.

మిగిలింది సంఘం ముందు పెట్టడం. అందుకే సంఘంలో అందరూ చదివేలా ఇక్కడ రాస్తున్నాను. నేను కొత్త విశ్వాసిని కాను. నా రూమ్మేట్ అసలు విశ్వాసే కాడు. వల లాగే ముందు ఆ ముసలాయన తనలో తాను ఏమనుకునేవాడో ఒక్కరైనా అడిగారా? మా ఫోటో కింద ఆ వాక్యం రాసిందెవరు? ఎవరిని అడిగి రాశారు? సంతకం పెట్టి జవాబు చెప్పండి.