ఆమెన్ దాకా కొట్లాట

మాపటికి మా కోడలు కుక్కర్ మూత తీసి కందిపప్పుకు ఎల్లిగడ్డ, జీలకర్ర, ఎండు మిరపకాయ పోపు పెట్టంగనే ఆ వాసన నడిమింట్లకు వస్తది, రాంగనే నా కండ్లు వాటంతట అవే మూసుకుంటయి. అత్తమ్మకు నిద్రొస్తుందని కోడలు అనుకుంటది. నిద్ర కాదు. మా ఇంట్ల చిన్నప్పుడు పప్పు పొయ్యి దిగినంక ప్రార్థన, ప్రార్థన అయినంకనే బువ్వ, అందుకని పోపు సుయ్యిమన్న కాడి నుంచి ఆమెన్ అనేదాకా మేము కండ్లు మూసుకొని ముక్కుతోనే తినేది. గా అలవాటు ఇంకా పోలే. ఇదంత రాస్తున్నది మా మనుమరాలు జ్యోతి. నాకు నా పేరు రాసుడొస్తది, దుకాణాల బోర్డులు కూడబలుక్కుంట చదువుత, అంతకు మించి రాదు. ఎందుకు రాదో గదే చెప్పబోతున్న.

మాది పెద్దేముల్ దిక్కు ఊరు. మా నాయిన యాకోబు తాండూరు బండల గనిల పని చేసేది. మాపటికి ఇంటికొస్తే కనుబొమ్మల మీద, చెవుల ఎంట్రుకల మీద గూడ దుమ్ము పేరుకొని, పొద్దున పోయిన మనిషి పొద్దుమీకేసరికి ముసలోడై వచ్చినట్టు కనబడుతుండె. బాయి కాడ రెండు బొక్కెనలు పోసుకుంటె మల్ల వయసు తిరిగొచ్చేది. పగిలిన బండలు, అంచులు పోయిన బండలు ఎవ్వరు కొనరని పారేస్తే, నాయిన ఒక్కొక్కటి భుజం మీద మోసుకొచ్చి మా నడిమింట్ల పరిచిండు, ఒకటి నీలం, ఒకటి బూడిద రంగు, ఒకటి మట్టి రంగు, ఏ రెండు ఒక్క తీరు లేకుండె. ఎండకాలం ఆ బండల మీద ఒట్టి ఈపుతోని పండుకుంటే కుండల నీళ్ళ మీద పండుకున్నట్టుండేది. చలికాలం ప్రార్థనకు మోకాళ్ళూనితే మాత్రం ప్రాణం జివ్వుమనేది. మేము ఆడపోరగాండ్లం ఆ బండల మీదనే బొగ్గుతోని గీతలు గీసి అష్టాచెమ్మ ఆడేది, రాతి చిప్పలతోని తొక్కుడుబిళ్ళ ఆడేది. కంది చేండ్లు పచ్చగ కాయ పట్టిన దినాలల్ల అమ్మ ఒడినిండ కాయ తెంపుకొచ్చి ఉప్పేసి ఉడకబెడితే, ఆ ఆవిరి వాసనకు పక్కింటి ఖాజాబీ చిన్నమ్మ గోడ మీదికెళ్ళి గిన్నె చాపేది. కిస్మస్‌కు ఆమె ఇంటికి మా గరిజెలు పోయేది, రంజాన్‌కు వాళ్ళ సేమియా మా ఇంటికొచ్చేది, గోడ అడ్డమనేదే మాకు తెల్వకుండె.

మా ఇంట్ల ఇద్దరు పెద్ద ఆడోళ్ళు. మా నాయినమ్మ ఎస్తేరమ్మ, మా అమ్మ సువార్తమ్మ. వాళ్ళిద్దరు ఎన్నడు ఎదురెదురుంగ కొట్లాడుకోలే. అత్తాకోడండ్లంటే గట్లుండాలె, తల్లీబిడ్డల లెక్క, అని ఊరోళ్ళు చెప్పుకునేది. ఊరోళ్ళకేం తెలుసు, వాళ్ళు కొట్లాడుకునేది ప్రార్థనల.

మా ఇంట్ల రివాజు ఏందంటే, మాపటికి అందరం బండల మీద మోకాళ్ళూనాలె, నాయినమ్మ నుంచి నా దాకా ఒకరి ఎనక ఒకరు ప్రార్థన చెయ్యాలె. ఒకరు చేస్తుంటే ఇంకొకరు నడుమ మాట్లాడొద్దు. మహా అంటే 'స్తోత్రం' అనొచ్చు, గంతే. ఆమెన్ అన్నంక, ప్రార్థనల ఎవరేమన్నరో బయట ఎత్తొద్దు, అది వాళ్ళకు ప్రభువుకు నడిమి ముచ్చట. ఈ రివాజు ఎవరు పెట్టిన్రో గాని, పెట్టినోళ్ళు అత్తో కోడలో అయ్యుంటరు.

నాయినమ్మ కొంగు నెత్తి నిండ కప్పుకొని మొదలుపెట్టేది. "ప్రభువా, ఎడారిల నీ జనానికి తిననీకె మన్నా కురిపిచ్చినవు. అండ్ల ఉప్పు తక్కువయిందని ఎవరన్న అన్నరా తండ్రీ? మా ఇంట్ల గూడ అనం. నోరు మూసుకొని తింటం. నువ్వొక్కనివి సూస్తే చాలు."

తర్వాత అమ్మ వంతు. అమ్మ గొంతు పప్పు మీది నెయ్యోలె మెత్తగుండేది. "ప్రభువా, నిన్న ఉప్పెక్కువన్నరు, ఇయ్యాల తక్కువన్నరు. కుండ ఒక్కటే, చెయ్యి ఒక్కటే. పెద్దోళ్ళ నాలుకకే జర నిలకడ ఇయ్యి తండ్రీ."

"స్తోత్రం," అనేది నాయినమ్మ. ఆ ఒక్క మాటల శాపనార్థమంత కారం ఉండేది.

ఇద్దరి నడుమ మా నాయిన ఉన్నడు గదా. రోజూ ఆయనది ఒక్కటే ప్రార్థన: "అందరిని సల్లగ సూడు తండ్రీ." గంతకంటే ఒక్క మాట ఎక్కువ చెప్తే ఏదో ఒక పక్కకు పోయినట్టయితదని ఆయన భయం. ఆఖరికి నా వంతు, నేను మా పిల్లి కోసం, ఖాజాబీ చిన్నమ్మ మేకపిల్ల కోసం అడిగేది. ఆమెన్ అనంగనే నాయినమ్మ కొంగు దులుపుకొని లేచి, ఏం జరగనట్టే, "సువార్తా, ఇంకింత పప్పెయ్యవే, మంచిగయింది," అనేది. అమ్మ ఏసేది. తెల్లారి గోడ మీదికెళ్ళి ఖాజాబీ చిన్నమ్మ తల బయటపెట్టి, "క్యా గే సువార్తా, నిన్న మాపు మీ దువా మస్తు గరం ఉండె, మా ఆయన రొట్టె తినుడు ఆపి విన్నడు," అని కొంగు అడ్డం పెట్టుకొని నవ్వేది.

నేను మా ఊరి బడిల ఉన్న తరగతులన్ని అయిపోగొట్టిన ఏడు, ఎండకాలం మొదట్ల, ఇంట్ల కొత్త కొట్లాట షురువయింది. నెలకొకసారి తాండూరు నుంచి వచ్చి మా ఊర్ల ఆరాధన జరిపే అయ్యగారు, వికారాబాద్‌ల ఆడపిల్లల బోర్డింగు ఉన్నది, పిల్ల హుషారుగున్నది, పంపుతరా అని అడిగిపోయిండు. నాకైతే ఆ మాట విన్న సంది కాలు నేల మీద నిలవలే. రైలెక్కుడు, ఇనుప పెట్టె, దాని మీద పేరు రాపిచ్చుకొనుడు, కిటికీ పక్కన మంచం, అన్ని కండ్లల్ల తిరుగుతుండె. కానీ మా ఇంట్ల పిల్లలను అడిగే రివాజు లేకుండె.

అమ్మ ప్రార్థనల నా తరపున వకాల్తా పట్టింది. "ప్రభువా, నేను కంది చేండ్ల వంగి వంగి నా నడుము విల్లయింది. నా బిడ్డన్న నీడ పట్టున కూసోవాలె. అడ్డమొచ్చేటోళ్ళ మనసు మెత్తగ చెయ్యి."

నాయినమ్మ కండ్లకు అప్పటికే పొర కమ్ముతుండె. సూదిల దారం ఎక్కియ్యాలన్నా, ప్రార్థన గుడికి తోలుకపోవాలన్నా, బియ్యంల రాళ్ళు ఏరాలన్నా నేనే. "ప్రభువా, గుడ్డిదాని చేతి కట్టె గుంజుకుంటే, గుంజుకున్నోళ్ళను నువ్వేమంటవో నాకెరుక," అనేది. ఆ ఎండకాలమంత పప్పు రోజూ సల్లారుతుండె, మీద మీగడ కడుతుండె. ఖాజాబీ చిన్నమ్మ మా ప్రార్థన టైముకు రొట్టెలు కాల్చుడు గూడ బంద్ పెట్టి గోడ పక్కకు పీట ఏసుకున్నది.

బడులు తెరిసే ముందర అయ్యగారు మల్ల వచ్చిండు, జవాబు తీసుకపోతనని. అయ్యగారొచ్చిన్రంటే కోడికూర ఉండాలె. అమ్మ కోసింది నాయినమ్మ ముద్దుగ సాదుకున్న ఎర్ర పుంజును. జొన్నరొట్టెలు, కోడికూర, పచ్చిపులుసు, అన్ని కందిలి దీపం ముందర పెట్టి అందరం మోకాళ్ళూనినం. మసాల వాసనకు నా పేగులు అరుస్తున్నయి. మా పిల్లి వచ్చి కూర గిన్నె కాడ, అది గూడ ప్రార్థనకే వచ్చినట్టు, బుద్ధిగ కూసున్నది.

నాయినమ్మ మొదలుపెట్టింది. "ప్రభువా, నా పుంజు పొద్దున నీ దగ్గరికొచ్చింది. ఎవరు పంపిన్రో నువ్వడగకు, నేను చెప్పను." అయ్యగారు గొంతు సవరించుకున్నడు. తర్వాత నాయినమ్మ ఎప్పటి లెక్కనే కట్టె సంగతి ఎత్తింది, ఎత్తి ఆగిపోయింది. జరసేపటికి గొంతు మారింది. "అయినా తండ్రీ, నాకు కండ్లున్న దినాల అక్షరం లేకపాయె. అక్షరం చెప్పే మనుమరాలు పుట్టేసరికి కండ్లు పాయె. దానికన్న రెండు ఉండనియ్యి. నేను గోడ పట్టుకొని తిరుగుత. పంపియ్యి."

నేను దొంగచాటున కండ్లు తెరిసిన. అమ్మ గూడ తెరిసింది. ఎండకాలమంత తోసిన తలుపు దానంతటదే తెరుసుకుంటే మనిషి ముందరికి తూలినట్టయింది అమ్మకు. ఆమె వంతొచ్చింది. జారిన కొంగు మల్ల నెత్తి మీదికి గుంజుకున్నది.

"ప్రభువా," అన్నది, "అది ఇంతవరకు నా పక్కల తప్ప పండుకోలే. నిద్రల దుప్పటి తన్నేస్తది. గాడ ఎవరు కప్పుతరు? ఈ ఒక్క ఏడు ఉండనియ్యి తండ్రీ."

నాయినమ్మ రివాజు తప్పింది. "ప్రభువా, నేనే మల్ల వస్తున్న, ఒక్క మాట మర్చిన," అని కండ్లు మూసుకొనే అందుకున్నది. "దుప్పటికి భయపడితే చదువులొస్తయా తండ్రీ? జర మా కోడలికి ధైర్యమియ్యి." అమ్మ గూడ తప్పింది. "ప్రభువా, ముసలామె కండ్లు నా పిల్ల మీద పెట్టి బతుకుతుంది. గుంజుకున్న పాపం నాకొద్దు." పొద్దున దాకా పంపొద్దన్న మనిషి పంపుమంటుండె, పంపుమన్న మనిషి వద్దంటుండె, ఇద్దరి చెంపల మీద నీళ్ళు కారుతుండె. గోడవతల ఖాజాబీ చిన్నమ్మ ముక్కు చీదిన చప్పుడొచ్చింది.

నాయిన వంతొచ్చింది. అందరం ఆశగ ఎదురుసూసినం. "అందరిని సల్లగ సూడు తండ్రీ," అన్నడు.

అప్పుడు అయ్యగారు మెల్లగ అన్నడు, "సలోమీ, నువ్వు చెయ్యి బిడ్డా. నువ్వేమడుగుతవో అడుగు. చిన్నపిల్లల మాట ప్రభువు ముందుగాల వింటడు." నన్ను ఎన్నడు ఎవ్వరు అడగని ముచ్చట, గా మాపు అడిగిన్రు. రైలు, పెట్టె, కిటికీ, అన్ని నా నాలుక మీదికొచ్చినయి. గప్పుడే పిల్లి గిన్నెల మూతి పెట్టింది.

"ప్రభువా, కూర సల్లారుతుంది, పిల్లి మూతి పెట్టింది, ఆమెన్!" అన్న.

మా నాయిన ముందు నవ్విండు. అంత గట్టిగ ఆయన నవ్వంగ నేనెన్నడు వినలే. ఎనక అయ్యగారు, ఎనక అమ్మ, నాయినమ్మ ఇద్దరు ఒకరి భుజం ఒకరు పట్టుకొని, ఏడుపు మొఖాలతోనే నవ్విన్రు. గోడవతల గూడ నవ్వే. అందరం తిన్నం. ఎర్ర పుంజు మస్తు రుచిగుండె, నాయినమ్మే మల్లొకసారి కూర ఏపిచ్చుకున్నది. అయ్యగారు పోతపోత అడిగితే నాయిన, "వచ్చే ఏడు సూద్దాం అయ్యగారు," అన్నడు.

వచ్చే ఏడు ఎవ్వరు సూడలే. ప్రార్థనల మాట బయట ఎత్తొద్దన్న రివాజు ఉండె గదా. ప్రార్థనల ఎత్తుదామంటే, అవతలామె మల్ల ఏడుస్తదేమోనని ఇద్దరికి భయం. ఉప్పు దగ్గరికి, నెయ్యి దగ్గరికి తిరిగొచ్చిన్రు. నేను కంది చేనుకు పోయిన, బడిల నేర్చిన అక్షరాలు గూడ ఆ చేండ్లల్లనే మర్చిపోయిన. కొన్నేండ్లకు పెండ్లయి తాండూరొచ్చిన. ఎవరి మీద కోపం చేసేది? ఇద్దరు నా కోసమే అడిగిన్రు, నేనొక్కదాన్నే అడగలే.

ఇప్పుడు వాళ్ళెవ్వరు లేరు. బండలు పాలిష్ పట్టి పట్టి ఆ దుమ్ము దగ్గుతోనే నా పెనిమిటి పోయిండు. ఆయన గూడ మా నాయినోలె చిన్న ప్రార్థనోడే. తాండూర్ల ఉండి మా ఇంట్ల తాండూరు బండ లేదు, ఎక్కడివో టైల్సు తళతళ మెరుస్తయి, మోకాళ్ళూనితే జారుతయి. గోడ మీదికెళ్ళి గిన్నె చాపేటోళ్ళు లేరు. ప్రార్థన ఫోన్ల వస్తది, ఎవరో పెద్ద గొంతుతోని చేస్తరు, మా కొడుకు కోడలు ఎవరి ఫోను వాళ్ళు పట్టుకొని ఆమెన్ అంటరు. ఉప్పు తక్కువయితే "ఉప్పు తక్కువయింది" అని మొఖం మీదనే అంటరు. ఆ మాట అక్కడనే గుచ్చుకొని ఉంటది, తీసేటోళ్ళుండరు.

రోజూ నా మోకాళ్ళకు నూనె రాసే గీ జ్యోతికే ఇప్పుడు వికారాబాద్‌ల కాలేజీల సీటొచ్చింది, హాస్టల్ల ఉండాలె. వారం సంది కొడుకు ఒక గదిల, కోడలు ఒక గదిల. పంపుడా, వద్దా, ఎవ్వరు నోరు తెరవరు. పిల్ల బువ్వ సరింగ తింటలేదు.

నిన్న మాపు పోపు వాసన రాంగనే నేను చెప్పిన, "టీవీ బంద్ చెయ్యిన్రి. ఫోన్లు అవతల పెట్టిన్రి. ఇక్కడ కూసోన్రి." ముసలిది పోరుతుందని కూసున్నరు. మోకాళ్ళు నా మాట వినవు గాని టైల్సు మీద అట్లనే ఊనిన, కొంగు నెత్తి నిండ కప్పుకున్న.

"ప్రభువా," అన్న, "నాడు నన్ను అడుగుమన్నవు. నేను కూర అడిగిన. నువ్వు కూర ఇచ్చినవు, నీ తప్పేం లేదు. ఇయ్యాల నాకు ఆకలి లేదు తండ్రీ. గీ పిల్ల వికారాబాద్ పోవాలె. అడ్డమొచ్చేటోళ్ళు ఎవరో నాకు తెల్వదు, నువ్వే సూస్కో."

చెప్పి, ఆమెన్ అనలే. అనేదాకా ఎవ్వరు లేవొద్దు గదా. అట్లనే కండ్లు మూసుకొని కూసున్న. చాలసేపటికి మా కోడలు గొంతు వినబడ్డది, సన్నగ, చిన్నప్పుడు మా అమ్మది విన్నట్టే. "ప్రభువా, పిల్ల పోతే అత్తమ్మ మోకాళ్ళకు నూనె రాసేదెవరని గీయన పరేషాన్ అయితుండు. నేను రాస్తనని చెప్పు తండ్రీ."

"స్తోత్రం," అన్న నేను. ఈసారి కారం లేకుండ.

మా కొడుకు కండ్లు తెరవకుండనే ఆమెన్ అన్నడు. పప్పు మీద మీగడ కట్టింది. ఎవ్వరం వేడి చెయ్యమనలే, అట్లనే తిన్నం.