అడిగినట్టు కుట్టిన సాక్ష్యం

మా పిన్నికి "కాదు" అనడం రాదు. నోరు లేని మనిషేం కాదు. నోరుంది, వీధి చివరిదాకా వినిపించేంత ఉంది. కానీ కుట్టు షాపు పెట్టినప్పటి నుంచీ ఆవిడ పద్ధతి ఒక్కటే. ఎదురుగా నిలబడ్డ మనిషి ఏది కోరుకుంటే అదే కరెక్టు. "భుజం దగ్గర కాస్త లూజుగా లేదూ?" అంటే "ఉందమ్మా, బిగిద్దాం." కాసేపటికి అదే మనిషి అద్దంలో చూసుకుని "అబ్బే, పట్టేసినట్టుందే" అంటే "అవునమ్మా, వదులుదాం."

బాబాయి పక్కన కూర్చుని గుండీలు కుడుతూ "నీకంటూ ఒక అభిప్రాయం ఏడిస్తేగా" అంటాడు.

"నాకు అభిప్రాయాలుంటే నీకు అన్నం ఉండదు" అంటుంది పిన్ని.

అసలు పెళ్ళయిన కొత్తలో ఆవిడ బాబాయికి కుట్టిన మొదటి చొక్కాకి ఒక చెయ్యి పొట్టి, ఒక చెయ్యి పొడుగు. ఆయన కిక్కురుమనకుండా అదే వేసుకుని ఆఫీసుకెళ్ళాడు. బాగుందన్నాడు కూడా. అబద్ధం చెప్తే ఇంట్లో ఎంత ప్రశాంతంగా ఉంటుందో పిన్నికి అప్పుడే తెలిసిందని నా అనుమానం. ఏదైతేనేం, ఈ పద్ధతి బట్టల వరకూ బ్రహ్మాండంగా నడిచింది. ఆ తర్వాత ఎదురింట్లో మూడు హత్యలు జరిగాయి.

ఎదురిల్లు హార్డ్‌వేర్ షాపాయనది. ఆయన, ఆయన భార్య, ఆవిడ ముసలి తల్లి, ముగ్గురూ పోయారు. కూతురు ఒక్కతే మిగిలింది, అదీ హాస్టల్లో ఉండి చదువుకుంటోంది కాబట్టి. పోలీసులు పట్టుకున్నది ఎవర్నో కాదు, ఆ ఇంటావిడ చెల్లెలి కొడుకుని. ఇల్లు ఎవరికి రావాలన్న గొడవ. వాడేమో "ఆ రోజు నేను ఈ ఊళ్ళోనే లేను" అన్నాడు. ఫోను కూడా పక్క ఊళ్ళో స్నేహితుడి గదిలో వదిలేసి వచ్చాడు, అంత తెలివైనవాడు. పోలీసుల దగ్గర మిగతా ఆధారాలు చాలానే ఉన్నాయి. కానీ వాడు ఆ పొద్దున ఆ వీధిలో ఉన్నాడని కళ్ళారా చూసి చెప్పగలిగింది ఒక్కరే. ఎవరనుకుంటున్నారు? మా పిన్ని.

ఆవిడ చూసింది ఇంతే. పొద్దున షాపు షట్టరు ఎత్తుతుంటే వాడు ఎదురింట్లోంచి బయటికొచ్చి, గేటు లాగి, సందులోంచి చెయ్యి లోపలికి పెట్టి గడియ వేశాడు. పిన్ని కనపడితే నవ్వాడు. "పెద్దమ్మ వాళ్ళు ఊరెళ్ళారండీ, మీకు కుట్టడానికిచ్చిన డ్రెస్సు తిరిగొచ్చాక తీసుకుంటారు" అన్నాడు. "సరే బాబూ" అంది పిన్ని. వాడు ఆ మాట అనేటప్పటికే ఆ ముగ్గురూ లోపల శవాలై ఉన్నారు.

సాయంత్రానికి విషయం బయటపడింది. ఇన్‌స్పెక్టర్ వచ్చి అడిగితే ఈ రెండు ముక్కలూ చెప్పింది. "ఇంకేమైనా చూశారా?" అంటే "లేదు సార్" అంది. ఆయనకి అంతకు మించి అక్కర్లేదు మరి. భోజనానికి వెళ్ళే తొందరలో ఉన్నాడు.

మర్నాడు చానెళ్ళు దిగాయి. ఇంక చూస్కోండి.

మొదట వచ్చింది మైకు పట్టుకున్న ఒక చిన్నపిల్ల. "ఆంటీ, వాడి ముఖం ఎలా ఉంది?"

"మామూలుగానే ఉందమ్మా."

"మామూలుగా అంటే..." ఆ పిల్ల ముఖం వాడిపోయింది. "కొంచెం కూడా కంగారు లేదా ఆంటీ?"

పిన్నికి ఆ ముఖం బాగా తెలుసు. డ్రెస్సు తొడుక్కుని అద్దం ముందు నిలబడి, ఎక్కడో నచ్చక, ఎక్కడో చెప్పలేక నిలబడే కస్టమర్ ముఖం అది. "ఆ... కాస్త కంగారుగానే ఉన్నాడులే" అంది. పిల్ల ముఖం వెలిగిపోయింది. పిన్నికీ పని బాగా కుదిరినప్పుడుండే తృప్తే కలిగింది.

రెండో చానెల్ కుర్రాడు వస్తూనే "వాళ్ళకి కంగారు ఇచ్చేశారు, మాకేం మిగిల్చారు ఆంటీ?" అన్నాడు. వాడికి ఎర్రబడ్డ కళ్ళు ఇచ్చింది. తర్వాతి వాళ్ళకి బరువైన బ్యాగు. ఇంకొకాయన పెద్దమనిషి, సూటూ బూటూ వేసుకొచ్చాడు. "తెల్ల చొక్కా అయితే మరకలు బాగా కనపడతాయి కదమ్మా?" అన్నాడు. "కనపడవూ మరి!" అంది. అలా తెల్ల చొక్కా, మీద మరకలు వచ్చాయి. ఇంకో చానెల్ వాళ్ళ దగ్గరున్న ఫోటోలో వాడు నీలం చొక్కాలో ఉన్నాడు. వాళ్ళకి నీలం. కెమెరా అతనైతే డైరెక్షన్ కూడా చేశాడు: "ఆంటీ, గేటు వైపు చూడండి, ఒక్క క్షణం ఆగండి, ఇప్పుడు చెప్పండి. ఏడుపొస్తే ఆపుకోకండి."

ఏడుపు రాలేదు. అయినా అడిగాడు కదా అని కొంగు కళ్ళకి అడ్డం పెట్టుకుంది.

ఒక చానెల్ స్టూడియోలో ఏకంగా అట్టముక్కలతో ఆ ఇల్లు కట్టేశారు. యాంకరు చేతిలో ఇనపరాడ్డు పట్టుకుని వంటింట్లోంచి హాల్లోకి, హాల్లోంచి వంటింట్లోకి తిరుగుతాడు. మా పిన్ని వేషం ఒక సన్నటి నటి వేసింది. షట్టరు పట్టుకుని ఆవిడ వణికిన వణుకు చూసి బాబాయి "నీకన్నా ఈవిడే బాగా చూసినట్టుందే" అన్నాడు.

వీధిలో అందరూ ఆవిణ్ణి బ్రేకింగ్ ఆంటీ అనడం మొదలెట్టారు. డ్రెస్సు కొలతలివ్వడానికి వచ్చినవాళ్ళు కథ వినేదాకా కదిలేవాళ్ళు కాదు. మూడు చావుల మీద పిన్ని షాపు మూడు పువ్వులూ ఆరు కాయలుగా నడిచింది. రాయడానికి నాకే ఎలాగో ఉంది కానీ నడిచింది. కెమెరాలో బాగుంటుందని వెనక గోడకి కొత్త రంగు కూడా వేయించింది.

కేసు కోర్టుకి రాబోతుండగా ఒక మధ్యాహ్నం ఆ ఇంటి కూతురు షాపుకొచ్చింది. చిన్నప్పటి నుంచీ దాని గౌన్లన్నీ కుట్టింది పిన్నే. వచ్చి స్టూలు మీద కూర్చుంది. మిషను ఆగిపోయింది.

"అత్తా, టీవీలో మీరు మాట్లాడినవన్నీ చూశాను" అంది.

"ఊఁ."

"ఒకదాంట్లో తెల్ల చొక్కా అన్నారు. ఒకదాంట్లో నీలం. ఒకదాంట్లో అమ్మ అరుపు వినపడిందన్నారు." "అమ్మ అరిచిందా అత్తా?"

పిన్ని ఆ పిల్ల ముఖంలోకి చూసింది, అలవాటుగా, ఏం కావాలో వెతుక్కుంటూ. ఏమీ దొరకలేదు. అరిచిందంటే కావాలా, అరవలేదంటే కావాలా? పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి ఆవిడకి ఎదుటి మనిషి కొలత అందలేదు.

"నేను వినలేదే" అంది చివరికి. "గేటు వేశాడు. ఊరెళ్ళారన్నాడు. అంతే. మిగతాదంతా... వాళ్ళు అడిగారు."

"వాడు ఊళ్ళో లేనంటున్నాడు అత్తా. మీ మాట పోతే వాడు ఇంటికొచ్చేస్తాడు. ఆ ఇంటికే."

"చెప్తానే."

"అంతే చెప్పండి. ఇంకేం వద్దు."

కోర్టు హాలు మీరు సినిమాల్లో చూసినట్టేం ఉండదు. చప్పుడు చేసే ఫ్యాన్లు, ఊగే బెంచీలు, ఎవరి కేసు ఎప్పుడొస్తుందో తెలియక కునుకు తీసే జనం. బోనెక్కి పిన్ని ఆ రెండు ముక్కలూ చక్కగా చెప్పింది. పోలీసుల తరఫు లాయరు సంతోషంగా కూర్చున్నాడు. అప్పుడు అవతలి లాయరు లేచాడు. తల నెరిసిన పెద్దాయన, ఎంత మర్యాద అంటే కోపం తెచ్చుకుందామన్నా రాదు. ముందు మంచినీళ్ళు ఇప్పించాడు. తర్వాత తెర మీద వీడియోలు వేయించాడు.

కంగారు. ఎర్ర కళ్ళు. బ్యాగు. తెల్ల చొక్కా. నీలం చొక్కా. కొంగు అడ్డం పెట్టుకున్న ఏడుపు. హాలంతా నవ్వులు. కునుకు తీసేవాళ్ళు కూడా లేచి కూర్చున్నారు.

"అమ్మా, మీరు టైలరు కదా. గుడ్డ రంగులో పొరబాటు పడతారా?"

"పడనండీ."

"మరి చొక్కా తెలుపా, నీలమా?"

పిన్ని మంచినీళ్ళ గ్లాసు వైపు చూసింది.

"పోనీలెండి, వదిలేద్దాం. పెద్దవారు, హడావిడి, కెమెరాలు. ఎవరికైనా జరుగుతుంది. అసలు సరిగ్గా గుర్తులేకపోయి ఉండొచ్చు, కదమ్మా?"

"ఉండొచ్చు బాబూ" అనేసింది పిన్ని.

అలవాటు మరి. పోలీసుల తరఫు లాయరు తల పట్టుకున్నాడు. బాబాయి నా మోచెయ్యి గట్టిగా నొక్కేశాడు. అవతలి లాయరు ఒకడుగు ముందుకేసి, ఇంకా మెత్తగా, నవ్వుతూ అడిగాడు.

"అంటే ఆ పొద్దున మీరు చూసింది ఇంకెవరో కుర్రాడు కూడా అయి ఉండొచ్చు. అంతేగా అమ్మా?"

ఆయన ముఖం ఆశగా, అందంగా ఉంది. చిన్న కుట్టు ఒకటి విప్పితే చాలు, సరిపోతుందన్నట్టు. పిన్ని నోట్లో "అంతే" వచ్చి కూర్చుంది, నాకు ఇక్కడికి కనపడుతోంది. బెంచీ మీద ఆ పిల్ల తల వంచుకుని ఉంది, ఎవరి వైపూ చూడట్లేదు.

"కాదండీ" అంది పిన్ని. "వాడే."

"మరి టీవీలో చెప్పినవి?"

"అబద్ధాలు."

"ఏవేవి?"

"అన్నీ. కళ్ళూ, బ్యాగూ, రక్తం, అరుపు. వాళ్ళు కోరుకున్నారు, నేను ఇచ్చాను."

లాయరు జడ్జి వైపు తిరిగి చేతులు చాపాడు, విన్నారుగా అన్నట్టు. "మరి ఇప్పుడు ఎవరు కోరుకున్నారని చెప్తున్నారమ్మా ఇది?"

"ఇప్పుడు అడుగుతున్నది మీరు" అంది పిన్ని. "మీరు కోరుకున్నది ఇవ్వట్లేదుగా."

జడ్జిగారు ముక్కు దగ్గర కర్చీఫు పెట్టుకున్నారు. జలుబో, నవ్వో తెలీదు.

సాయంత్రం టీవీ నిండా మళ్ళీ పిన్నే. "అడ్డం తిరిగిన కీలక సాక్షి!" "అన్నీ అబద్ధాలేనన్న బ్రేకింగ్ ఆంటీ!" ఆవిడ జన్మలో మొట్టమొదటిసారి ఎదుటి మనిషిని కాదని ఉన్నది ఉన్నట్టు చెప్తే, ఆ రోజే ఆవిణ్ణి అబద్ధాలకోరన్నారు. మొదట కంగారు పట్టుకెళ్ళిన ఆ మైకు పిల్లే "ఈవిణ్ణి కొన్నది ఎవరు?" అని చర్చ పెట్టింది. నలుగురు మేధావులు కూర్చుని గంటసేపు అరుచుకున్నారు. మర్నాడు పక్కింటావిడ వచ్చి "మా పిల్ల డ్రెస్సు ఇచ్చెయ్యండి, కుట్టకపోయినా పర్లేదు" అంది. పిన్ని గుడ్డ మడతపెట్టి ఇచ్చేసింది. షాపులో మిషను చప్పుడు తగ్గిపోయింది. బాబాయి గుండీలు కూడా అయిపోయాయి.

తీర్పు రోజు పిన్ని వెనక బెంచీలో, ఆ పిల్ల పక్కన కూర్చుంది. జడ్జిగారు చదువుతూనే ఉన్నారు, పేజీలు తిప్పుతూనే ఉన్నారు. ఆ భాష పిన్నికి అర్థం కాలేదు. మధ్యలో "టైలర్" అన్న మాట వినపడ్డప్పుడల్లా నిటారుగా కూర్చునేది. ఉన్నట్టుండి ముందు బెంచీల్లో కలకలం. పోలీసులు వాడి రెండు చేతులూ పట్టుకుని పక్క తలుపులోంచి తీసుకెళ్ళిపోయారు. రిపోర్టర్లు ఫోన్లు చెవికి పెట్టుకుని బయటికి పరిగెత్తారు.

"ఏమైందే?" అంది పిన్ని.

"శిక్ష పడింది అత్తా. మీ మాట నమ్మారు."

పిన్ని దాని వైపు తిరిగింది, ఇంకా భయంగానే.

"ఏ మాటే?"

"కెమెరాలు రాకముందు చెప్పింది" అంది ఆ పిల్ల, ఏడుస్తూ, ఆవిడ భుజం మీద తల పెట్టి.