ఒక్కసారికే సరిపోయిన వేలిముద్ర

2023 జూన్‌లో నన్ను వివాదాల విభాగానికి మార్చారు. రిటైర్మెంటుకి సరిగ్గా ఏడాది ఉంది. ఎలక్ట్రానిక్ సంతకాలకి సర్టిఫికెట్లు ఇచ్చే లైసెన్సు ఉన్న కంపెనీ మాది, కుందలహళ్ళిలో టెక్ పార్కు పక్కనే ఆఫీసు. నా హోదా సీనియర్ మేనేజరు. కింద ఇద్దరు, పైన వైస్ ప్రెసిడెంటు. "ఈ సంతకం నాది కాదు" అని ఎవరైనా రాస్తే రికార్డు తీసి, పరీక్షించి, జవాబివ్వడం మా పని. అంతకుముందు ఇరవై రెండేళ్ళు బ్యాంకులో చెక్కుల మీద సిరా సంతకాలు పోల్చిన దాన్ని. ఆ విద్య మొదట మా నాన్న దగ్గర అబ్బింది. బాపట్ల పక్కన చర్చి బడికి ఆయన హెడ్మాస్టరు. ప్రోగ్రెస్ కార్డుల మీద పిల్లలు పెట్టుకొచ్చే తండ్రుల సంతకాలని ఆయన కళ్ళద్దాలు లేకుండానే పట్టేసేవారు.

నేను వెళ్ళేసరికి ఆ విభాగంలో స్థలాల గొడవలే ఎక్కువ. అంతకుముందు స్థలాల అమ్మకానికి ఎలక్ట్రానిక్ సంతకం పనికొచ్చేది కాదు. చట్టం సవరించాక అమ్మకం ఒప్పందాలు కూడా అలా చేసుకునే వీలు కలిగింది. సేల్ డీడ్‌కి మాత్రం మనిషి సబ్ రిజిస్ట్రారు ముందుకి వెళ్ళాల్సిందే. అయితే ఒప్పందం నిజమైనదని తేలితే, డీడ్ రాసివ్వమని కోర్టు ఆజ్ఞాపించగలదు. అందుకే మోసమంతా ఒప్పందం దగ్గరే మొదలయ్యేది.

సంతకం జరిగే తీరు కొంచెం చెప్పాలి. మనిషి ఒప్పుకుంటున్నట్టు తెర మీద నొక్కుతాడు. తరవాత తానెవరో ఆధార్ ద్వారా రుజువు చేసుకుంటాడు, ఫోనుకొచ్చే ఓటీపీతోనో, వేలిముద్రతోనో, కంటిపాపతోనో. అటునుంచి మాకు అవును అనో కాదు అనో ఒక్క మాట వస్తుంది. వేలు ఎలా ఉందో మేం చూడం, చూడకూడదు కూడా. అవును అని రాగానే ముప్పై నిమిషాలు మాత్రమే బతికే ఒక సర్టిఫికెట్ పుట్టి, ఆ పత్రం మీద సంతకమై కూర్చుంటుంది. ఏ నిమిషంలో ఏం జరిగిందో వరసగా రాసి ఉండే చిట్టాని మేం లాగ్ అంటాం.

జూలైలో బొమ్మనహళ్ళి నుంచి చౌడప్ప అనే ఆయన ఫిర్యాదు వచ్చింది. డెబ్భై నాలుగేళ్ళ పట్టు నేతగాడు. తన ఇల్లు, వెనక నాలుగు మగ్గాలున్న షెడ్డు అమ్మడానికి తాను ఒప్పందం చేసినట్టు ఒక నిర్మాణ సంస్థ అంటోందని, తాను ఏ సంతకమూ పెట్టలేదని రాయించాడు. నేను లాగ్ తీశాను. సంతకం ఊరికి ఆ చివరున్న పీణ్యలో, ఒక డాక్యుమెంట్ల దుకాణంలో, మంగళవారం పగలు పదకొండున్నరకి, వేలిముద్రతో జరిగింది. మా పరీక్ష పట్టీలో పదకొండు గడులుంటాయి. పదకొండూ టిక్కు పడ్డాయి. సంతకం చెల్లుతుంది, రికార్డులో లోపం లేదు అని రెండు వాక్యాల జవాబు రాసి ఇరుపక్షాలకీ పంపాను. మొత్తం ఇరవై నిమిషాల పని. ఆ రోజు మధ్యాహ్నం భోజనం కూడా తృప్తిగా చేశాను.

ఆ రెండు వాక్యాలనీ నిర్మాణ సంస్థ తన దావాకి జతచేసింది. ఒప్పందం ప్రకారం చౌడప్ప డీడ్ రాసిచ్చి ఇల్లు ఖాళీ చేయాలన్నది దావా. చౌడప్పకి ఇంకో ఇల్లు లేదు, మగ్గాలు పెట్టుకోవడానికి ఇంకో చోటూ లేదు.

సెప్టెంబరులో ఒకరోజు ఆయనా, గార్మెంట్ ఫ్యాక్టరీలో పనిచేసే ఆయన కూతురు రత్నా నన్ను కలవడానికి వచ్చారు. పది గంటలకి రమ్మన్నాను, పదిన్నరైనా రాలేదు. పని చెడగొట్టుకుని ఎదురుచూడటం నాకు చేతకాదు. నాలుగు చివాట్లు పెడదామని కిందికి దిగాను. మా గేటు దగ్గర వచ్చినవాళ్ళ వేలిముద్ర తీసుకుని పాసు ఇచ్చే మెషీను ఉండేది. చౌడప్ప దాని ముందు నిలబడి ఒక్కో వేలూ పెడుతున్నాడు. మెషీను ఎర్రలైటు వేసి కూస్తోంది. సెక్యూరిటీ అతను ఆయన బొటనవేలిని తన చొక్కాకి తుడిచి మరీ పెట్టించాడు. మళ్ళీ అదే కూత. చివరికి పుస్తకంలో పెన్నుతో పేరు రాసుకుని లోపలికి వదిలాడు.

చివాట్ల సంగతే మరిచిపోయాను. రోజూ ఇలాగే అవుతుందా అని అడిగాను.

"నాకు ఇది మామూలే అమ్మణ్ణీ. రేషనంగట్లోనూ ఇంతే. నా ఏలు నన్ను ఒప్పుకోదు," అన్నాడు చౌడప్ప. "యాభై ఏండ్లు పడుగు అతికినాను గదా. గీతలంతా ఆడనే పోయినాయి."

మగ్గం మీద పాత పడుగు అయిపోయినప్పుడు కొత్త దారాల కొసల్ని పాత కొసలకి ఒక్కొక్కటే వేళ్ళతో మెలిపెట్టి అతకాలట. జారకుండా వేళ్ళకి బూడిద అద్దుకుంటారు. ఒక్కో పడుగుకి వేల పోగులు. ఆయన చెయ్యి పట్టుకుని చూశాను. బొటనవేలి కొస చింతగింజలా నున్నగా ఉంది. ఆ క్షణంలో నాకు భయమేసింది, వెంటనే సిగ్గేసింది. నా చిట్టాలో పీణ్యలో ఇదే మనిషి వేలు మొదటి ప్రయత్నంలోనే సరిపోయినట్టు ఉంది.

సిరా సంతకాలు చూసేవాళ్ళకి మొదటి రోజే నేర్పే పాఠం ఒకటుంది. ఏ మనిషీ రెండు సంతకాలు అచ్చుగుద్దినట్టు పెట్టలేడు. ఒకదాని మీద ఒకటి పెట్టి వెలుతురుకి పట్టుకుంటే రెండూ గీతకి గీత కలిశాయంటే, ఒకటి దొంగది. మరీ నిఖార్సుగా ఉన్నదాన్నే అనుమానించాలి. ఇరవై రెండేళ్ళు ఆ పాఠంతో బతికి, కంప్యూటరు ముందు కూర్చోగానే దాన్ని గాలికొదిలేశాను.

ఎవరి ఆధార్ వాడకం వివరాలు వాళ్ళు ఆరు నెలల వెనక్కి తీసుకోవచ్చు. రత్న తన తండ్రి ఫోనుకి వచ్చిన ఓటీపీతో అక్కడే, నా టేబుల్ దగ్గరే తీసింది. ప్రతి నెలా రేషనుకీ పింఛనుకీ ఐదారుసార్లు వరసగా 300 అన్న నంబరు. వేలిముద్ర కలవలేదని దానర్థం. ఆ తరవాత కంటిపాపతో అవును. నెలనెలా అదే వరస. మధ్యలో ఒక్క మంగళవారం, పీణ్యలో, ముందొక తప్పిన ప్రయత్నం కూడా లేకుండా వేలిముద్రతో ఒకే ఒక్క అవును. పీణ్య ఎప్పుడైనా వెళ్ళారా అని అడిగితే, పోయిన పని లేదన్నాడు.

మరి ఆ వేలు ఎక్కడిది? దావాతో పాటు నిర్మాణ సంస్థ వేసిన కాగితాల్లోనే జవాబుంది. చౌడప్ప ఆ స్థలం ఇరవై ఏళ్ళ కిందట కొన్నప్పటి రిజిస్టర్డ్ డీడ్ నకలు అందులో ఉంది. ఆయన ఎడమ బొటనవేలి ముద్ర దాని మీద ప్రతి గీతా లెక్కపెట్టేంత స్పష్టంగా పడింది. ఎవరో ఆ ముద్రతో దొంగవేలు చేయించారు. ఆధార్‌లోకి ఆయన వేలు ఎక్కిందీ గీతలు ఇంకా మిగిలున్న రోజుల్లోనే, అందుకే రెండూ కలిశాయి. పాపం వాళ్ళకి చౌడప్ప కాగితం మీదే తెలుసు. కాగితం మీద ఆయన వేలికి వయసు రాలేదు.

మొదటి జవాబుని సవరిస్తూ మూడు పేజీలు రాసి వైస్ ప్రెసిడెంటు దగ్గరికి తీసుకెళ్ళాను. ఆయన చెడ్డవాడు కాదు, చల్లకొచ్చి ముంత దాచే రకమూ కాదు. కంపెనీ ఒకసారి సరే అన్నదాన్ని కంపెనీయే కాదంటే రేపు ప్రతి సంతకాన్నీ జనం అనుమానిస్తారని సూటిగానే అన్నాడు. కోర్టు పిలిస్తే లాగ్ ఇచ్చి రమ్మన్నాడు, అడగనిది చెప్పొద్దన్నాడు. ముందే అడుసు తొక్కింది నేను, కాలు కడుక్కోవాల్సిందీ నేనే అన్నాను. తప్పు నా పేరు మీదే రాసుకుంటానని, సవరణ పంపకపోతే రేపే రాజీనామా ఇస్తానని చెప్పాను. రెండు రోజులు ఆ కాగితాలు ఆయన టేబుల్ మీదే ఉన్నాయి. మూడో రోజు సంతకం చేశాడు.

జనవరిలో సాక్ష్యానికి వెళ్ళాను. లాగ్‌తో పాటు 65-బి సర్టిఫికెట్ ఇచ్చాను. కంప్యూటరు రికార్డుని కోర్టు సాక్ష్యంగా తీసుకోవాలంటే, అది ఎలా పుట్టిందో బాధ్యుడైన ఉద్యోగి రాసిచ్చే పత్రం అది. వాది లాయరు నా మొదటి ఉత్తరం నా చేతే చదివించాడు. తరవాత సవరణ చదివించాడు. ఏది అబద్ధమని అడిగాడు. మొదటిది తొందరపాటు అన్నాను. కోర్టు హాల్లో ఎవరో నవ్వారు. నాకు చెవులు కాలిపోయాయి.

"అంటే మీ మెషీను అబద్ధం చెప్పిందంటారా?" అన్నాడు లాయరు.

"లేదండీ. చౌడప్ప గారి వేలేనని చెప్పింది, నిజమే చెప్పింది. ఏ ఏడాది వేలో మాత్రం చెప్పలేదు," అన్నాను.

జడ్జిగారు పెన్ను కింద పెట్టి, ఆ జవాబు మళ్ళీ చెప్పమన్నారు. రెండోసారి ఇంకొంచెం నిదానంగా చెప్పాను. ఆ సుఖం నాకిప్పటికీ గుర్తే.

తరవాతి వాయిదాకి పీణ్య దుకాణంలో వాడిన రకం మెషీనునే, లైసెన్సున్న ఆపరేటరుతో సహా తెప్పించారు. చౌడప్ప పది వేళ్ళూ పెట్టాడు. ఒక్కటీ పలకలేదు. కావాలనే తేలిగ్గా నొక్కుతున్నాడని లాయరు అభ్యంతరం చెప్పాడు. అయితే మీ గుమాస్తా చేతే నొక్కించండి అన్నారు జడ్జిగారు. ఆ గుమాస్తా ఒక్కో వేలూ పట్టుకుని, చెమటలు కక్కుతూ పదిసార్లు నొక్కాడు. పదిసార్లూ ఎర్రలైటే.

"మెల్లగప్పా, రేపు మళ్ళా మగ్గం ఉండాది," అన్నాడు చౌడప్ప అతనితో.

కోర్టు నియమించిన వేలిముద్రల నిపుణుడు ఆయన ఎడమ బొటనవేలి ముద్ర తీశాడు. పాత డీడ్ పక్కన ఈ కొత్త కాగితం పెడితే, దాని మీద ఉన్నది సిరా మరక, అంతే. ఈలోగా పోలీసులు పీణ్య దుకాణంలో సోదా చేసి రబ్బరుతో చేసిన వేలిముద్రలు పట్టుకున్నారు. ఆ ముఠా ఎవరు, ఒప్పందంలో చౌడప్పకి ఇచ్చినట్టు రాసిన అడ్వాన్సు ఎవరికి చేరిందీ అన్నది వాళ్ళ కేసు, నాది కాదు.

నా రిటైర్మెంటుకి నాలుగు రోజుల ముందు తీర్పు వచ్చింది. ఒప్పందం చౌడప్ప చేసినదని వాది రుజువు చేయలేకపోయాడని దావా కొట్టేశారు. తీర్పులో నా మొదటి ఉత్తరాన్ని తొందరపాటు అనే అన్నారు, నా మాటతోనే. సవరణ గురించి మాత్రం ఒక పేరా నిండా రాశారు. గెలిచామని తెలియగానే ఎగిరి గంతేయాలనిపించింది. మోకాళ్ళు ఒప్పుకోవు కనక క్యాంటీన్‌లో రెండు మసాలా దోసెలు తిన్నాను. వైస్ ప్రెసిడెంటు వచ్చి ఎదురుగా కూర్చుని తనూ ఒకటి తెప్పించుకున్నాడు.

చివరి మూడు రోజుల్లో నేను చేసిన పని ఒక్కటే. పరీక్ష పట్టీలో పన్నెండో గడి వేయించాను. సంతకానికి ముందు ఆరు నెలల్లో ఆ మనిషి వేలు ఎన్నిసార్లు కాదనిపించుకుందో, ఆయన చేతే వివరాలు తెప్పించి అందులో రాయాలి. అది నింపకుండా చెల్లుతుందని జవాబు పంపకూడదు. పదకొండు గడులూ టిక్కు పడ్డ ఫైలుకి ఇరవై నిమిషాలు చాలవని నా స్థానంలోకి వచ్చిన ఆయనకి చెప్పాను. ఎందుకని అడిగితే బొమ్మనహళ్ళి ఫైలు ఇచ్చాను. పైన నా మొదటి ఉత్తరమే పెట్టాను.