కొళాయి పిడి మీద అందరి చేతులు

బెంగళూరు హూడిలో మా వఠారం మొత్తానికి ఒకటే కక్కసు, ఒకటే కొళాయి. పక్కింటి సొన్నమ్మత్త ఆసుపత్రి వార్డు తుడిచే ఆయా. ఆమె కొట్టే ఫినాయిల్ వాసనకు మహదేవపుర దోమలన్నీ మూటలు సర్దుకుని అత్తిబెలె సరిహద్దు దాటి తమిళనాడు చేరాయి. నేనే దారి చూపించాను. ఎనిమిదో తరగతిలో బడి మానేసిందే ఇలాంటి పనుల కోసం.

అంత శుభ్రమైన వార్డులో రోగులు ఒకరి తర్వాత ఒకరు విరేచనాలతో పడ్డారు. వచ్చిన జబ్బు ఒకటి, అక్కడ అంటుకున్నది మరొకటి. నర్సు శశికళ దూదిపుల్లలతో అంతా రుద్ది పరీక్షకు పంపింది. నేల బాగానే ఉందట. పేగుల్లో ఉండే క్రిములు దొరికింది చేతులు కడుక్కునే కొళాయి పిడి మీద.

"కక్కసు నుంచి వచ్చి ఎడమచేత్తో తిప్పి కడుక్కుంటారు సొన్నమ్మా. కడుక్కున్న కుడిచేత్తో మళ్లీ ఆ పిడినే తిప్పి కట్టేస్తారు. అదే చేత్తో అన్నం తింటారు" అంది శశికళ.

పుట్టినప్పటినుంచి ఎడమచెయ్యి వేరు, కుడిచెయ్యి వేరు అని నిష్ఠగా బతికిన మనిషి సొన్నమ్మత్త. ఆ రెండూ కలిసే చోటు ఒకటుందని ఆమెకెప్పుడూ తట్టలేదు.

ఆ సాయంత్రం అత్త వఠారం కొళాయి ముందు నిలబడిపోయింది.

"ఏమత్తా, కొళాయికి మొక్కుకుంటా ఉండావా?" అన్నాను.

"నవ్వప్పా. ఆదివారం మా సుమ నెలబిడ్డనెత్తుకోని వస్తా ఉండాది. ఈ పిడి మీద మనందరి చేతులూ ఉండాయి."

సబ్బుతో పిడిని తోమింది. కక్కసు నుంచి ఇంకొకరొచ్చి తిప్పారు. మళ్లీ తోమింది. ఎంతమంది వెనక తోముతుంది?

ఆదివారం కూతురు సుమ ఆటో దిగేసరికి అత్త అప్పుడే పని నుంచి వచ్చి, చేతులు దూరంగా పట్టుకుని నిలబడి ఉంది. బిడ్డ ఏడుస్తోంది. అత్త చిన్నప్పుడు ఊళ్లో బయటినుంచి వచ్చినవాళ్లకు ఇంట్లోవాళ్లు చెంబుతో నీళ్లు పోసేవాళ్లు, పిడీ లేదు, తిప్పడమూ లేదు. ఎదురుగా ఉన్నది మా వఠారంలోనే ఉండే అక్కయమ్మ. బిందెల వరస కాడ పోట్లాడుకుని, ఉగాది నుంచి ఇద్దరికీ మాటల్లేవు.

"అక్కయమ్మా, రవ్వన్ని నీళ్లు పొయ్యి."

"ఇప్పుడు కనపడ్నానా నేను?" అంటూనే బిందెలో చెంబు ముంచింది. అత్త సబ్బు రుద్ది, వేళ్ల సందులు తోమి, బిడ్డనందుకుంది.

అక్కయమ్మ చెంబు నాకిచ్చి చేతులు చాచింది. "పొయ్యప్పా. నేనూ ఎత్తుకోవాల."

పోశాను. అందరూ బిడ్డతో లోపలికి పోయారు, ఇక నాకు పోసేవాళ్లు ఎవరూ మిగల్లేదు. బిడ్డను గడప ఇవతలినుంచే చూశాను.