మూడో సూదికి రాసిన పేరు

పోయిన వారం మా చిన్న కోడలు, పురిటి మంచం మీదే మూడు రోజులు సెల్‌ఫోన్‌లో వెతికి వెతికి, చివరికి నన్ను పిలిచి, "పిల్లవాడికి చిరాయు అని పెడుతున్నామత్తయ్యా, కొత్త పేరు, ఈ చుట్టుపక్కల ఎవరికీ లేదు" అని గొప్పగా చెబితే, తాగుతున్న కాఫీ పొలమారి నేను దగ్గలేక చచ్చాను. పాపం, పేరు నచ్చలేదేమోనని ఆ పిల్ల మొహం చిన్నబుచ్చుకుంది. నచ్చకపోవడమేమిటి నా తల్లీ, మణుగూరు అవతలి అడవి పల్లెల్లో ఆ పేరు నా చేత్తో ఎంతమందికి రాశానో నాకే లెక్క లేదు, వాళ్లలో పెద్దవాడికి ఈపాటికి తల నెరిసి ఉంటుంది అని లోపల అనుకుని, పైకి మాత్రం మంచి పేరమ్మా అన్నాను. బాలింతకు చెప్పే కథ కాదది. మీరైతే నా ఈడువాళ్లు, పేరు పెట్టడానికి కూడా భయపడిన ఇళ్లను చూసినవాళ్లు, మీకు చెబుతాను.

డెబ్బయ్యో దశకం చివర్లో, ఇరవై రెండేళ్ల వయసులో, నేలకొండపల్లి వైపు మాగాణి ఊళ్లో పుట్టి పెరిగిన నన్ను, నర్సు ఉద్యోగమని తీసుకెళ్లి ఆ అడవిలో పడేశారు. ఊరికీ రోడ్డుకూ మధ్య ఒక వాగు, అది పొంగిందంటే నాలుగు రోజులు బయటి ప్రపంచంతో పని లేదు. పాములకు అలవాటు పడ్డాను, జ్వరాలకు అలవాటు పడ్డాను కానీ, పేర్లతో మాత్రం వేగలేకపోయాను. భద్రాద్రి రాముడి నీడన ఉన్న పల్లె కదా, ఇంటికో రాములు, గడపకో సీతారాములు, "రాములూ" అని కేకేస్తే నలుగురు మగవాళ్లతో పాటు ఒక ఎద్దు కూడా తల తిప్పేది. పసిపిల్లలకైతే అసలు పేర్లే ఉండేవి కావు. ఏడాది గడిచి, బతుకుతాడని నమ్మకం కుదిరితే గానీ ఎవరూ పేరు మాట ఎత్తేవారు కాదు. అందుకని టీకాల కార్డు మీద పేరు ఉండాల్సిన చోట అందరికీ "మగశిశువు", "ఆడశిశువు" అని రాసేదాన్ని, ఆ తర్వాత ఏ మగశిశువు ఎవరి మగశిశువో తెలియక నా తల నేనే పట్టుకునేదాన్ని.

ఆ ఊళ్లో ఒక పిల్ల, నాకంటే రెండేళ్లు చిన్నది, అప్పటికే ఇద్దరు బిడ్డల్ని కని ఏడాది తిరక్కుండానే మట్టిలో పెట్టింది. మూడో కాన్పు నా చేతుల మీదే జరిగింది. మగపిల్లవాడు, గుప్పెడంత ఉన్నాడు. ఆ తల్లి బిడ్డ మొహం చూడకుండా గోడ వైపు తిరిగి పడుకుంది. చూస్తే మమకారం పుడుతుందని భయం. మర్నాడు కార్డు రాస్తూ, "మగశిశువు" అనడానికి చెయ్యి రాక, ఉద్యోగ ధర్మం పక్కన పెట్టి, దీవెనగా "చిరాయువు" అని రాసి, పైన రబ్బరు ముద్ర గుద్దాను. ఆ తొందరలో ముద్ర వెళ్లి చివరి "వు" మీద పడింది. ఆ పిల్ల మూడో తరగతి దాకా చదువుకుంది. కార్డు కళ్ల దగ్గర పెట్టుకుని, చి, రా, యు అని కూడబలుక్కుని, సర్కారు వాళ్లు నా కొడుక్కి పేరు పంపించారని ఊరంతా చెప్పుకుంది.

వారం తిరిగేసరికి ఆమె అత్తగారు నా గది ముందు నిలబడింది. అప్పటికే ఆ ముసలావిడ చేయాల్సింది చేసేసింది. పిల్లవాణ్ని చేటలో పెట్టి, పెంటకుప్ప మీద ఒక్క క్షణం పడుకోబెట్టి, పక్కింటావిడ చేత తీయించి, గుప్పెడు నూకలు పోసి వెనక్కి కొనుక్కుని, పెంటయ్య అని పేరు పెట్టేసింది. పారేసిన బిడ్డ మీద మృత్యువుకు ఆశ ఉండదని మన పెద్దలకు ఎంత నమ్మకమో మీకూ తెలుసు. ఇప్పుడు ఈ కార్డు గొడవొకటి వచ్చిపడింది.

"ఏంది బిడ్డా గిదీ? గంత ముద్దుగ పేరు పెడితే యముని కండ్లల్ల పడడా? కొట్టెయ్. జల్దీ కొట్టెయ్" అని కార్డు నా ముందు పడేసింది. కోడలు వెనకాలే పరిగెత్తుకొచ్చి గుమ్మంలో నిలబడి ఏడుపు. కందకు లేని దురద కత్తిపీటకెందుకు, ఎందుకొచ్చిన తంటా అని నేను కలం తీశాను కూడా. తీస్తూ, ఊరికే ఉండలేని నోరు కదా నాది, ఇది అసలు పేరే కాదమ్మా, నిండు నూరేళ్లు బతకమని దీవెన, అంతే, కొట్టేస్తున్నాను అన్నాను.

ముసలావిడ చప్పున నా మణికట్టు పట్టుకుంది.

"ఏమన్నవ్? బతకమని రాసినవా? బతకమని రాసిందాన్ని కొట్టేస్తవా? నీ చేతులెట్ల వస్తయే!"

ఇదెక్కడి న్యాయమో చూడండి, కొట్టెయ్యమన్నదీ ఆవిడే, కొట్టేస్తానంటే తిట్టిందీ ఆవిడే. కార్డు తీసి కొంగున ముడేసుకుని వెళ్లిపోయింది. ఇంట్లో పెంటయ్య, కాగితం మీద చిరాయు అని ఒప్పందం కుదిరింది. ఆవిడ మాత్రం ఆ పేరును పొరపాటున కూడా పలికేది కాదు. పలికితే పైవాడు వింటాడట.

పిల్లవాడికి ఎనిమిదో నెలలో చలిజ్వరం పట్టుకుంది. నా దగ్గరున్న చేదు గోళీలు పొడి చేసి తేనెలో కలిపి పోస్తే కక్కేశాడు. రెండో రోజు పొద్దున్నే కళ్లు తేలేశాడు. వాగు దాటి, రోడ్డు మీద బొగ్గు లారీ ఆపి, నేనూ తల్లీ నాయనమ్మా ముగ్గురం డ్రైవరు పక్కన ఇరుక్కుని భద్రాచలం దవాఖానాకు వెళ్లాం. నేనైతే, బతకమని రాసి ఈ బిడ్డను నేనే చంపానని, ఇక ఆ ఊళ్లో ఒక్క తల్లి కూడా నా చేతికి పిల్లనివ్వదని, గోదావరి బ్రిడ్జి దాటుతున్నప్పుడు సిగ్గు లేకుండా ఏడ్చాను. అక్కడ చీటీలు తీసుకుని పిలిచే కాంపౌండరు వరండాలోకి వచ్చి, "చిరాయు! చిరాయు ఎవరు?" అని అరిచాడు. తల్లి బిడ్డను గుండెలకు హత్తుకుని బిగుసుకుపోయింది. నేను నోరు తెరిచేలోపే ముసలావిడ లేచి నిలబడింది.

"ఈడున్నడు! నా మనుమడే, సిరాయి! ఉన్నడయ్యా, ఉన్నడు, జల్దీ సూడుండ్రి!"

వరండా మొత్తం తిరిగి చూసింది. పైవాడు వింటాడని ఎనిమిది నెలలు నోరు కట్టుకున్న మనిషి, వింటే వినమన్నట్టు అరిచింది. ఐదు రోజులకు పిల్లవాడు కళ్లు తెరిచి పాలు తాగాడు. ఇంటికి తెచ్చాక పెంటయ్య అన్న మాట ఆ ఇంట్లో మళ్లీ వినపడలేదు.

ఇక చూడండి నా అవస్థ! చుట్టుపక్కల పల్లెల నుంచి తల్లులు చంకలో పిల్లల్ని వేసుకుని రావడం, "గా పేరే రాయి సిస్టరమ్మా, గది బతికే పేరంట" అని బతిమాలడం. బతికించింది సూదీ సెలైనూ అని నేనెంత మొత్తుకున్నా వింటేనా! అంతకుముందు నన్ను చూస్తే పిల్లల్ని గాదెల వెనక దాచేవాళ్లు వీళ్లే. సరే, మీ దారిలోనే వస్తానని, ఉత్తినే రాస్తే పేరు పనిచేయదు, నెలకొకటి చొప్పున మూడు టీకా సూదులూ వేయించుకుంటే మూడో సూదినాడు రాస్తానని షరతు పెట్టాను. అబద్ధమే, ఒప్పుకుంటాను. కానీ ఆ అబద్ధం పెట్టాక మూడో సూదికి ఎగ్గొట్టిన తల్లి లేదు. అయిదారేళ్లకు బడిపంతులు నా మీద దండెత్తి వచ్చాడు, ఒకటో తరగతిలో నలుగురు చిరాయులట, హాజరు పిలిస్తే నలుగురూ లేస్తారట. పెద్ద సిరాయి, వాగవతల సిరాయి, మేకల సిరాయి అని విడదీసుకున్నారు చివరికి. తోటి పిల్లలు "కిరాయి, కిరాయి" అని ఏడిపిస్తే ఒకడు పలక పెట్టి కొట్టాడు కూడా.

అందరూ దక్కారని చెబితే అబద్ధమవుతుంది. ఒక తల్లి మరీ కాళ్లావేళ్లా పడితే మెత్తబడి మొదటి సూదికే రాసిచ్చాను. ఆ బిడ్డ దక్కలేదు. కార్డు పట్టుకుని వస్తే తిడుతుందనుకుని తల వంచుకున్నాను. "ఈ పేరు ఇంకో పిల్లగానికి రాయి సిస్టరమ్మా, పాడుగాకుండ" అని బల్ల మీద పెట్టి వెళ్లింది. నలభై ఏళ్లయినా ఆ మాట నాకు మింగుడు పడదు.

తొంభైల్లో నాకు బదిలీ అయ్యేనాటికి ఆ పేరు అడిగేవాళ్లు తగ్గిపోయారు. ఆఖరి నెలలో ఒక పిల్ల వచ్చింది, మొదటి చూలు, ఏడో నెల. తూకం చూస్తూ, అలవాటు కొద్దీ, మగపిల్లాడైతే చిరాయు అని రాయనా అన్నాను. "అబ్బో, గది ముసలోళ్లు పెట్టే పేరు సిస్టరమ్మా, మేము ఎప్పుడో అనుకున్నం, పిల్లగాడైతే ఒకటి, ఆడపిల్లయితే ఒకటి" అని నవ్వుతూ రెండు పేర్లూ చెప్పింది. నాకు చురుక్కుమంది, కాదనను. నా పేరును ముసలి పేరంటుందా అని ఒక్క నిమిషం ఉక్రోషం కూడా వచ్చింది. ఆ పిల్ల వాగు వైపు నడుస్తూ, కడుపు మీద చెయ్యి వేసుకుని, లోపలి బిడ్డను ఆ రెండు పేర్లతోనూ పలకరించుకుంటూ వెళుతుంటే అప్పుడు తట్టింది నాకు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అని వెక్కిరించే మన వాళ్లలో, పుట్టిన బిడ్డ మొహమైనా చూడకుండా గోడకు తిరిగిన తల్లుల పల్లెలో, ఈ పిల్ల పుట్టకముందే బిడ్డను పేరు పెట్టి పిలుస్తోంది, పైగా గట్టిగా, ఎవరు వింటారోనన్న బెదురైనా లేకుండా.